ఓడినవాడికి చెప్పాల్సిన జవాబు

అల్లుడు ఎవరు కావాలో ద్రుపదుడు ముందే అనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు. పాండవులు లక్క ఇంట్లో కాలిపోయారని లోకమంతా నమ్ముతున్నా, అర్జునుడు ఎక్కడో బతికే ఉంటాడన్న ఆశతో, మరొకరికి వంగని విల్లు ఒకటి చేయించాడు. పైన యంత్రం కట్టించి, దాన్ని కొట్టినవాడికి కూతురినిస్తానని చాటింపు వేయించాడు. ఆదిపర్వం ఈ సంగతి దాచుకోకుండా చెబుతుంది. ఇవాళ్టి కాంట్రాక్టర్ల భాషలో చెప్పాలంటే, ఒక్కడికే సరిపోయేలా రాసిన టెండరు నిబంధన అది. అయినా తప్పు పట్టడం అంత తేలిక కాదు. చాటింపు బహిరంగంగా జరిగింది, పోటీ అందరి కళ్ళ ముందే నడిచింది, విల్లు అందరికీ ఒకటే, గెలిచినవాడు నిజంగానే మేటి విలుకాడు. చిక్కు ఆ తర్వాత వచ్చింది. గెలిచింది బ్రాహ్మణ వేషంలో ఉన్న మనిషి. స్వయంవరం క్షత్రియులదైతే బ్రాహ్మణుడికి పిల్లనెలా ఇస్తావంటూ ఓడిన రాజులు ద్రుపదుడి మీదికి ఆయుధాలెత్తారు. పోటీ అయ్యాక అర్హత మీద తగాదా అన్నమాట. ద్రుపదుడి దగ్గర వాళ్ళకు చెప్పే జవాబు లేదు, వెళ్ళి బ్రాహ్మణుల చాటున చేరాడు. జవాబు చెప్పింది భీముడు పెరికిన చెట్టూ, అర్జునుడి విల్లూ.

ప్రభుత్వం పిలిచే టెండర్లలో న్యాయం ఎక్కడుంటుందన్న ప్రశ్నకు ఈ కథలోనే ఒక దారి ఉంది. ఫలితంలో ఉంటుందని కొందరంటారు: రోడ్డు బాగుంటే, ధర తక్కువైతే, ఎవరికి ఎలా ఇస్తేనేం? పద్ధతిలో ఉంటుందని మరికొందరంటారు: ప్రకటన వేశాం, గడువిచ్చాం, కవర్లు అందరి ముందూ విప్పాం, ఇంకేం కావాలి? ద్రుపదుడి స్వయంవరం ఈ రెండు కొలతలకూ నిలబడుతుంది. లోపమల్లా మూడో చోట ఉంది. ఓడినవాడు నిలబడి ఎందుకని అడిగితే, అతనికి చెప్పగలిగిన కారణం, ముందే రాసిపెట్టుకున్న కారణం, అతని నోటితో ఒప్పించలేకపోయినా మూడో మనిషి తలూపే కారణం ఇచ్చేవాడి చేతిలో ఉండాలి. టెండరు న్యాయమంటే నా దృష్టిలో ఇదే. గెలిచినవాడి ముఖం చూసి ఎంతసేపు లెక్క కట్టినా అది అందదు. అందరికంటే తక్కువ ధర వేసి గెలిచిన ఎల్-1 ఎప్పుడూ తృప్తిగానే ఉంటాడు, అతని తర్వాత నిలిచిన ఎల్-2ను అడగాలి.

ఓడినవాడికి జవాబు ఎందుకు బాకీ పడ్డాం? నేను నా ఇంటికి సున్నం వేయించుకుంటే ఏ మేస్త్రీని పిలిచానో, ఏ మేస్త్రీని పిలవలేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. డబ్బు నాది, ఇష్టం నాది. ద్రుపదుడు కూడా తన ఇంటి సంబంధమే కుదుర్చుకున్నాడు (ద్రౌపది ఇష్టం సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది). కానీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సంతకం పెట్టి ఇచ్చే పని అతని సొంతం కాదు. అతని చేతిలో ఉన్న డబ్బుకు యజమానులు కోట్లమంది, వాళ్ళలో ఒక్కరూ ఆ గదిలో లేరు. గదిలో లేనివాళ్ళ తరఫున చేసే ఎంపికలో ఇష్టమన్న మాటకు చోటుండదు, కారణానికే ఉంటుంది. టెండరు వేసిన వాళ్ళంతా ఆ యజమానుల్లో భాగమే కాబట్టి, ఓడినవాడు అడిగే ప్రశ్న గదిలో లేని వాళ్ళందరూ అడగాల్సిన ప్రశ్న. అతనికి నష్టం తగిలింది గనక అతను అడుగుతున్నాడు, అంతే తేడా.

ఈ ఆలోచన రాజ్యాంగంతో పుట్టింది కాదు. ఇస్లాం సంప్రదాయంలో ఇబ్న్ అల్ లుత్బియ్యా అనే వసూలు అధికారి ఉదంతం ఉంది. జకాత్ తెచ్చి అప్పగిస్తూ, ఇది మీకు, ఇది నాకు ఎవరో ఇచ్చిన కానుక అని వేరుచేసి చూపించాడట. ఆ పదవి లేకుండా అమ్మానాన్నల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక గుమ్మం దాకా వచ్చేదా అని ప్రవక్త నిలదీశారు. అధికారికి దక్కే ప్రతి దయ వెనుకా ఉన్నది పదవి, మనిషి కాదు అన్న వివేకం అందులో ఉంది. కౌటిల్యుడిది మరో కోణం. ఉద్యోగి డబ్బు తినడాన్ని నీళ్ళలో చేప నీళ్ళు తాగడంతో పోల్చినవాడు కాబట్టి ఆయనకు మనుషుల మీద భ్రమల్లేవు. ఇల్లూ పొలమూ అమ్మేటప్పుడు ఇరుగుపొరుగు సమక్షంలో ధర మూడుసార్లు చాటాలంటాడు అర్థశాస్త్రంలో. పోటీ వల్ల ధర పెరిగితే ఆ పెరిగిన మొత్తం ఖజానాకు పోవాలంటాడు. పన్ను రాబట్టే ఎత్తుగడే కావచ్చు అది. అయినా చాటింపు ఇరుగుపొరుగు ముందు, మూడుసార్లు జరగాలనడం గమనించాలి. కొనాలనుకున్నవాడికి తెలియలేదన్న మాట రాకూడదు.

ఇక మన దగ్గరి సంగతి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003కు ముందు టెండరంటే ఆఫీసు వరండాలో తాళం వేసిన పెట్టె. షెడ్యూలు ఫారాలు ఎవరెవరు కొన్నారో గుమాస్తాకు తెలుసు. గుమాస్తాకు తెలిసింది సాయంత్రానికి ఊరికి తెలిసేది. అలా తెలిసిన పేర్లన్నీ ఒక హోటలు గదిలో చేరితే రింగు అయ్యేది. ఒకరికి పని, తక్కినవాళ్ళకు గుడ్‌విల్, రికార్డు కోసం రెండు డమ్మీ టెండర్లు. రింగులో చేరనివాణ్ణి పెట్టె దాకా రానివ్వకుండా అడ్డుకునే మనుషులు బయట ఉండేవాళ్ళు. 2003లో మొదలైన ఈ-ప్రొక్యూర్‌మెంట్ ఈ మనుషుల్లో ఎవరినీ మార్చలేదు. ఎవరు టెండరు వేస్తున్నారో గడువు దాటేదాకా గుమాస్తాకూ, ఇంజనీరుకూ, పోటీదారుకూ తెలియకుండా చేసింది. అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో ఒక ఊహ చెప్పాడు: సమాజ నియమాలు రాసేవాడికి తాను ఆ సమాజంలో ఎవరై పుడతాడో తెలియని తెర ఒకటి కట్టాలి, అప్పుడు రాసిన నియమమే న్యాయమైనది. తత్వశాస్త్రం తరగతిలో ఊహగా ఉన్న ఆ తెరను సర్వరు కొంతమేర నిజం చేసింది. కొంతమేరే. కవరులో ఏముందో దాచగలిగింది గానీ, నిబంధన రాసినవాడి మనసులో ఎవరున్నారో దాచలేకపోయింది. రింగుకు వరండా అక్కర్లేదు, ఫోను చాలు. 2002 నాటి పోటీ చట్టం టెండర్లలో కుమ్మక్కును పోటీకి హాని చేసేదిగానే ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించుకునే భారం కుమ్మక్కైన వాళ్ళదే. అయినా హోటలు గదిలో మాట్లాడుకున్నదానికి సాక్ష్యం దొరకాలి కదా.

నిబంధన దగ్గరికే వద్దాం, అసలు యుద్ధభూమి అదే. తారు రోడ్డు పనికి టెండరు పిలుస్తూ, పని జరిగే చోటికి ఇన్ని కిలోమీటర్ల లోపు హాట్ మిక్స్ ప్లాంటు ఉండాలని షరతు పెట్టారనుకుందాం. తారు కలిపిన కంకర చల్లారితే సరిగా పరచడం, తొక్కించడం కుదరదు కాబట్టి ఆ షరతుకు ఇంజనీరింగ్ కారణం ఉంది. అదే షరతు, ఆ జిల్లాలో ప్లాంటు ఒకరికే ఉన్నప్పుడు, ద్రుపదుడి విల్లుగా మారుతుంది. అక్షరాలు అవే, అర్థం వేరు. ఏది ఏదో తేల్చడం ఎలా? షరతు వల్ల బయట పడ్డవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి కారణం చెప్పి చూడాలి. మిశ్రమం వేడి తగ్గుతుంది అని చెప్పొచ్చు. అప్పుడతను, పని దక్కితే నెలలో ప్లాంటు తెచ్చి పెడతాను, దానికి బ్యాంకు గ్యారంటీ ఇస్తాను, సరిపోతుందా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు కూడా జవాబుంటే షరతు నిజమైనది. జవాబు దొరక్క రూలు రూలే అన్నారంటే, ఆ రూలు వెనుక ఎవరో ఉన్నారు. కారణం ప్రశ్నకు తట్టుకుంటుంది, సాకు తట్టుకోదు.

న్యాయస్థానం ఇదే మాట 1979లో మరో దారిలో చెప్పింది. బొంబాయి విమానాశ్రయంలో ఒక రెండో తరగతి రెస్టారెంటు, రెండు స్నాక్ బార్లు మూడేళ్ళు నడపడానికి టెండరు పిలిచారు. కనీసం ఐదేళ్ళ అనుభవమున్న రిజిస్టర్డ్ రెండో తరగతి హోటలు వ్యాపారే రావాలన్నారు. క్యాంటీన్లు నడిపిన అనుభవమే తప్ప ఆ హోదా లేని వ్యక్తి అందరికంటే ఎక్కువ ఇస్తానంటే అతనికే ఇచ్చేశారు. రమణ దయారామ్ శెట్టి అనే ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఆయన అసలు టెండరే వేయలేదు. షరతు సడలుతుందని తెలిస్తే నేనూ వేసేవాణ్ణి అన్నది ఆయన వాదన. ప్రభుత్వ సంస్థ తాను ప్రకటించిన కొలతకు తానే కట్టుబడి ఉండాలని కోర్టు తేల్చింది. మన మాటల్లో ఇది ఆడి తప్పరాదన్న పాత ధర్మమే. టెండరు ప్రకటన ప్రభుత్వం నలుగురిలో ఆడిన మాట. ఆ మాట నమ్మి వచ్చినవాళ్ళతో పాటు, నమ్మి రాకుండా ఆగినవాళ్ళు కూడా ఉంటారు. ఓడినవాళ్ళలో ఎప్పుడూ కనపడని రకం వాళ్ళు. తమాషా ఏమిటంటే, ఇంత గొప్ప సూత్రం చెప్పిన కోర్టు ఆ శెట్టికి మాత్రం ఊరటనివ్వలేదు. ఆలస్యంగా వచ్చాడు, పైగా వేరొకరి తరఫున వచ్చినట్టు కోర్టుకు అనిపించింది. 2జీ స్పెక్ట్రమ్ కేసులో దరఖాస్తుల ఆఖరి తేదీని తర్వాత వెనక్కి జరపడం కూడా ఆడి తప్పడమే. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దు చేసింది. అదే ఏడాది రాష్ట్రపతి సలహా అడిగితే, వేలం ఒక్కటే రాజ్యాంగం ఒప్పే పద్ధతి కాదని కూడా అదే కోర్టు చెప్పింది. రెండు తీర్పులకూ పొంతన లేదన్నవాళ్ళున్నారు. నాకు మాత్రం రెండూ ఒకే మాటగా వినిపిస్తాయి: పద్ధతి ఏదైనా పెట్టుకో, కారణం చూపించు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. కారణాల గొడవంతా ఎందుకు, అర్హులందరి పేర్లూ చీటీలు రాసి తీస్తే సరిపోదా? చీటీకి బంధువులు లేరు, చీటీకి లంచం ఇవ్వలేం. ఇందులో పసలేకపోలేదు. కంచి దగ్గర ఉత్తరమేరూరు శాసనాలు, మొదటి పరాంతక చోళుడి కాలంలో, 919, 921 నాటివి, గ్రామ సభ కమిటీలను ఎన్నుకున్న తీరు చెబుతాయి. తాటాకు మీద పేర్లు రాసి కుండలో వేసి, ఒక పసివాడి చేత తీయించేవారు. అంతకు ముందు కమిటీలో ఉండి లెక్కలు అప్పగించనివాడూ, అతని చుట్టాలూ పోటీకి పనికిరారు. మన టెండర్ల బ్లాక్‌లిస్టు కంటే అది కఠినం. క్రైస్తవుల పన్నెండుమంది అపొస్తలుల్లో ఖాళీ అయిన చోటుకు మత్తీయను ఎంచింది కూడా చీట్లతోనే. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో 3,396 మద్యం దుకాణాలకు 89,882 దరఖాస్తులు వస్తే లాటరీ తీశారు. ఒక్కో దరఖాస్తుకు తిరిగిరాని రుసుము 2 లక్షలు. దక్కనివాళ్ళు తలరాత అనుకుని ఇంటికెళ్ళారు. లాటరీ బలం అదే, ఎవరినీ అవమానించదు. బలహీనత కూడా అదే. ఎందుకు నాకు రాలేదని అడిగితే దాని దగ్గర జవాబు ఉండదు, ఎందుకు రావాలో కూడా చెప్పదు. ఒక దుకాణం ఎవరు నడిపినా సరుకు ఒకటే కాబట్టి అక్కడ ఆ మౌనం చెల్లుతుంది. వంతెన ఎవరు కట్టినా ఒకటే కాదు. మనుషుల మధ్య తేడా ఉన్నచోట చీటీ తీయడమంటే చూడాల్సినవాడు కళ్ళు మూసుకోవడమే.

రెండో అభ్యంతరం అందరూ చేసేదే: ఎల్-1 పద్ధతి నాసిరకానికి దారి. దీన్ని ఊరికే కొట్టిపారేయలేం. 2024 సెప్టెంబరులో తిరుమల లడ్డూ నెయ్యిలో కల్తీ జరిగిందన్న ఆరోపణల మీద దుమారం రేగినప్పుడు కిలో 320 రూపాయల దరిదాపు ధర మాటే ఊరూరా చర్చ అయింది. ఆరోపణల్లో నిజానిజాలు తేల్చే పని, సుప్రీంకోర్టు అక్టోబరు 4న వేసిన ప్రత్యేక దర్యాప్తు బృందానిది, ఈ వ్యాసానిది కాదు. కానీ ఆ ధర లేపిన ప్రశ్న ధర్మానిదే: దేవుడికి నివేదించే పదార్థాన్ని తక్కువ ధరకు కొనడం భక్తుడి డబ్బు పట్ల బాధ్యతా, దేవుడి పట్ల అపచారమా? ప్రశ్నే తప్పుగా వేసుకున్నామని నా అభిప్రాయం. లడ్డూకు ఎంత నెయ్యి, ఎంత జీడిపప్పు అన్నది దేవస్థానం దిట్టంలో ఉంటుంది. దిట్టం ఉన్నది శ్రద్ధ మనిషి మూడ్‌ను బట్టి మారకూడదనే. అలాగే నెయ్యి ఎలాంటిదై ఉండాలో, దాన్ని ఏ పరీక్షతో తేలుస్తారో, పరీక్ష ఎక్కడ జరుగుతుందో టెండరులో ముందే దిట్టంగా రాసి ఉంటే, ఆ గీత దాటినవాళ్ళ మధ్యనే ధర మాట. గీత లేకుండా ధర ఒక్కటే చూస్తే అది పొదుపు కూడా కాదు. నిజమైన సరుకుకు నిజమైన ఖర్చు పెట్టి ధర వేసినవాడు ఓడిపోతాడు, ఎందుకు ఓడాడో అతనికి చెప్పే ముఖం మనకుండదు. అంటే నాసిరకం వాదన నా మాటకు అడ్డం రాదు, తోడు వస్తుంది.

ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియనిది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2003 నాటి ఉత్తర్వులు రెండు వైపులా గట్టు కట్టాయి: అంచనా మీద 5 శాతానికి మించి ఎక్సెస్ వేస్తే టెండరు చెల్లదు, 25 శాతానికి మించి లెస్ వేస్తే ఆ తేడాకు అదనంగా సెక్యూరిటీ కట్టాలి. కేంద్రం 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, నాణ్యత ముఖ్యమని ముందుగా ప్రకటించిన పనుల్లో ధరతో పాటు నాణ్యతకూ మార్కులు వేయొచ్చని, అవి 30 శాతం మించరాదని చెప్పింది. నాణ్యత మార్కులు వినసొంపుగానే ఉన్నాయి గానీ, ఆ 30 మార్కుల్లోకే పాత ఇష్టాయిష్టాలు మళ్ళీ దూరతాయన్న భయం ఉత్తుత్తిది కాదు. ఎవరికి ఎన్ని మార్కులు వేశారో, ఎందుకు వేశారో ఓడినవాడి చేతికి రాతపూర్వకంగా రాకపోతే ఆ పద్ధతి ఎల్-1 కన్నా హీనం. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన రివర్స్ టెండరింగ్ ఇంకో తరహా. కవర్లు విప్పాక, వచ్చిన కనిష్ఠ ధర మీద మళ్ళీ కిందికి పోటీ. ఖజానాకు మిగిలిందని కొందరు, పనులు నాశనమయ్యాయని కొందరు వాదించుకున్నారు, 2024లో ప్రభుత్వం మారాక అది పోయింది. పోటీదారుకు చివరిదాకా లెక్క తెలుస్తుంది గనక ఓడినవాడికి జవాబు దొరికే పద్ధతే అది. ఒకరికి పని అప్పటికే దక్కి ఉండగా దాన్ని రద్దు చేసి మళ్ళీ పిలిచిన చోట్ల మాత్రం, ఆడిన మాట సంగతేమిటన్న ప్రశ్న మిగిలింది.

మూడో అభ్యంతరం తత్వవేత్తలది, నాకు అన్నింటికంటే ఇష్టమైనది. అమర్త్యసేన్ 2009లో రాసిన పుస్తకంలో మన సంస్కృత మాటలు రెండు తీసుకుని, నీతి వేరు, న్యాయం వేరు అన్నాడు. నియమాలూ సంస్థలూ పద్ధతిగా ఉండటం నీతి. జనం బతుకుల్లో నిజంగా జరిగింది న్యాయం. ఆ లెక్కన టెండరు నీతి, రోడ్డు న్యాయం. నీతికి అంటిపెట్టుకుని కూర్చుంటే వరదలో కొట్టుకుపోయిన కల్వర్టుకు మూడు వారాల ప్రకటన గడువిస్తూ ఊరిని ముంచుతాం. నిబంధనల భయం మంచి అధికారిని పిరికివాణ్ణి చేస్తుంది, విజిలెన్సుకు జడిసి ఫైలు పక్కన పెట్టడమే క్షేమమనిపిస్తుంది. నిజమే. వరద వచ్చినప్పుడు నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా నేరుగా, పని ఇవ్వడం తప్పు కాదు. కాని ఆ పని కూడా ఫలానా కారణంతో, ఫలానా ధరకు, ఫలానా గడువుకు అని అదే వారంలో బోర్డు మీద పెడితే, పని దక్కని కాంట్రాక్టరు కూడా కాదనడు. అతను కూడా వరద చూశాడు. వరద తగ్గి ఏడాదైనా అదే మనిషికి నామినేషన్ మీద పనులు పోతుంటే, అప్పుడు సేన్ మాటను అడ్డు పెట్టుకోకూడదు. వివేకానికి చోటు కావాలని అడిగే అధికారి, ఆ వివేకాన్ని నాలుగు వాక్యాల్లో రాసి సంతకం పెట్టడానికి ఎందుకు వెనకాడతాడు? సుప్రీంకోర్టు 1994లో టాటా సెల్యులార్ కేసులో, నిర్ణయం మంచిదా చెడ్డదా అని మేం తూచం, నిర్ణయం ఎలా తీసుకున్నారో చూస్తాం అంది. కోర్టుకు ఆ సంయమనం సబబే. అందువల్లే, నిర్ణయం మంచిచెడ్డలు చర్చకు వచ్చే చోటు ఒకటి కోర్టు మెట్లెక్కకముందే, ఆఫీసులోనే ఉండాలి.

అసమానుల మధ్య సమానమైన పోటీ ఏమిటన్న ప్రశ్నను క్లుప్తంగానే ముగించొచ్చు. చిన్న, సూక్ష్మ సంస్థల నుంచి కేంద్ర శాఖలు 25 శాతం కొనాలన్న నిబంధన, అందులో దళిత, గిరిజన సంస్థలకు 4 శాతం, మహిళల సంస్థలకు 3 శాతం వాటా ఉన్నాయి. వాటి వల్ల తప్పిపోయిన పెద్ద సంస్థకు చెప్పగల కారణం ఉంది, అది రాసి ఉంది, ముందే రాసి ఉంది.

ఇప్పటికే ఉన్న ఒక చిన్న రూలుతో నా వాదన ఎక్కడికి చేరుతుందో చెప్పొచ్చు. కేంద్ర ఆర్థిక నియమావళి 2017లో 173వ నియమం, టెండరు తిరస్కరణకు గురైనవాడు అడిగితే కారణం చెప్పి తీరాలంటుంది. షరతులను, పద్ధతిని, తిరస్కరణను ప్రశ్నించే వీలు టెండరు పత్రంలోనే ఉంచాలంటుంది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో చేసుకున్న టెండర్ల చట్టాల్లో అప్పీలు హక్కు ఉంది. దేశమంతటికీ ఒకే చట్టం చేయాలని ప్రభుత్వ కొనుగోళ్ళ బిల్లును 2012లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఓడినవాడి ఫిర్యాదు వినే ఏర్పాటు అందులో ఉంది. 2014లో పదిహేనో లోక్‌సభ రద్దవడంతో ఆ బిల్లు మురిగిపోయింది.